గేటాయన రిజిస్టరు

పోలీస్ స్టేషన్ ముందు సిమెంటు బెంచీ మీద ముసలాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు.

మంగళవారం. సాయంత్రం నాలుగూ నలభై.

మొదట చూసింది రైటర్. స్టేషన్ కాగితాలన్నీ రాసే కానిస్టేబుల్ అతనే. టీకి బయటికొచ్చి, "తాతా, ఇక రేపు రా" అన్నాడు. తాత పలకలేదు. భుజం తట్టాడు. తల పక్కకు వాలింది.

ఇన్‌స్పెక్టర్ కోర్టు పని చూసుకుని జీపు దిగేసరికి నాలుగూ యాభై ఐదు. మాట తక్కువ మనిషి. తొందర ఇంకా తక్కువ. స్టేషన్‌లో చాటుగా నత్త అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నత్త పాకిన చోట గీత మిగులుతుంది కదా అని ఊరుకుంటాడు.

బెంచీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

ఇస్త్రీ చొక్కా. మెడ దాకా గుండీలు. విడిచిన చెప్పులు పక్కపక్కనే, సమంగా. ఒడిలో గుడ్డసంచి. రెండు చేతులూ దాని మీదే.

"ఎప్పుడొచ్చాడు?"

"మధ్యాహ్నం సార్. రెండు దాటింది."

"ఎందుకు?"

రైటర్ నేల చూశాడు. "బ్యాంకు, నంబరు, గేటు అని ఏదో మొదలుపెట్టాడు సార్. పై ఆఫీసుకి పంపే రిపోర్టుతో తలమునకలై ఉన్నాను. కూర్చోమన్నాను."

"తర్వాత?"

"కూర్చున్నాడు సార్."

డాక్టర్ గుండె ఆగిందన్నాడు. అనుమానించడానికి ఏమీ లేదన్నాడు. ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. సంచికి చీటీ కట్టి ప్రాపర్టీ గదిలో పెట్టారు. ఏడుపుల్లో దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే గేటు కాశాడట. పని దిగి ఆరేళ్ళయినా అందరికీ గేటాయనే.

గురువారం పదీ ఇరవైకి ఆయన కూతురు స్టేషన్‌కి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కోపం మాత్రం ఉంది.

"నాన్న మీ దగ్గరికెందుకొచ్చాడో ఇప్పుడు తెలిసింది సార్. బ్యాంకులో పైసా లేదు. బతుకంతా దాచుకున్నది మంగళవారం మధ్యాహ్నమే పోయింది."

"ఎవరి మీద అనుమానం?"

"అనుమానమేంటి? మా తమ్ముడి పెళ్ళాం. ఫోన్‌కి చార్జింగ్ పెట్టేది ఆవిడ. పెన్షన్ పడిందని చదివి చెప్పేది ఆవిడ. బ్యాంకు పంపిన ఓటీపీ నంబర్ల మెసేజ్‌లు ఒక్కటీ లేవు. నాన్నకి మెసేజ్ చెరపడం వచ్చా? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"ఆ టైముకి మీరెక్కడ?"

"నన్నడుగుతారేంటి?"

"అందర్నీ అడుగుతాను."

"ఆఫీసులో. కావాలంటే కనుక్కోండి."

"మీ తమ్ముడేమంటున్నాడు?"

"వాడా, బెల్లం కొట్టిన రాయి. నేనే చెప్పాను ఆవిడకి, బట్టలు సర్దుకోమని. ఆదివారానికల్లా ఇల్లు కదలాలి."

పదకొండూ నలభై ఐదుకి ఇన్‌స్పెక్టర్ ఆ ఇంట్లో ఉన్నాడు.

రెండే గదులు. కిటికీ పక్క ముసలాయన కుర్చీ. కుర్చీకి ఎదురుగా గడియారం. కిటికీ చట్రానికి మేకు. మేకుకి గుడ్డసంచిలో ఫోన్ వేలాడుతోంది. మూల కుట్టుమిషన్. దాని కింద సగం సర్దిన పెట్టె.

కోడలు నిలబడే ఉంది.

"మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?"

"కుట్టిన బట్టలివ్వడానికి షాపుకెళ్ళాను సార్. ఒకటిన్నరకొచ్చాను. మావయ్య లేరు. ఇస్త్రీ చొక్కా లేదు. ఏదో పెద్ద పని పడిందనుకున్నాను."

"మెసేజ్‌లు నువ్వు చెరిపావా?"

"లేదు."

"ఆయనకి చెరపడం వచ్చా?"

"వచ్చు. నేనే నేర్పాను. వాడేసిన నంబరు ఉంచకూడదు, కొట్టెయ్యడం చూపించమ్మా అని వెంటపడ్డారు. చెబితే వదిన నమ్మట్లేదు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి చూశాడు. మంగళవారం పన్నెండూ నలభై రెండు నుంచి ఒంటిగంటా నాలుగు దాకా ఒకే కొత్త నంబరు నుంచి నాలుగు కాల్స్. ఒంటిగంటా పదికి ఇటునుంచి అటు ఒకటి. అవతల ఎత్తలేదు.

"ఇక్కడే కూర్చుని మాట్లాడేవాడా?"

"కూర్చునేవారు కాదు సార్. ఫోన్ మోగితే లేచి నిలబడేవారు. కూరగాయలాయన చేసినా సరే. మాట్లాడి, టైము చూసి పుస్తకంలో రాసేవారు. 'వంకాయలకి కూడా సిగ్నలిచ్చారా మావయ్యా' అని నవ్వేదాన్ని."

"ఆ పుస్తకమేది?"

"మంగళవారం నుంచి కనబడట్లేదు."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక నుంచి గొంతు వినిపించింది.

"వదిన నమ్మకపోయినా బాధలేదు సార్. మావయ్య నామీద చెప్పడానికే మీ దగ్గరికొచ్చారేమోనని మా ఆయన అనుకుంటున్నాడు. పైకి అనడు. అన్నం పెడితే నా మొహం చూడడు."

పన్నెండూ యాభైకి ప్రాపర్టీ గదిలో సంచి విప్పారు. కళ్ళజోడు. పెన్ను. ప్లాస్టిక్ కాగితం చుట్టిన పొడుగాటి రిజిస్టరు. ఇన్‌స్పెక్టర్ చివరి పేజీ రెండుసార్లు చదివాడు. రాసిందంతా అర్థమైంది. అలా ఎందుకు చేశాడో అర్థం కాలేదు.

జీపు రైల్వే గేటు వైపు తిప్పమన్నాడు.

ఇప్పుడు గేటు చూసే మనిషి గేటాయన దగ్గర పని నేర్చుకున్నవాడే.

"గేటు ఒక్క నిమిషం ఎక్కువ వేస్తే లారీవాళ్ళు మా తాతముత్తాతల్ని కూడా లేపి తిడతారు సార్. ఆయన ముందు మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే..."

ఫోన్ మోగింది. గేటు మనిషి మాట మింగేసి లేచి నిలబడ్డాడు.

"గేటు వేశాను. నా నంబరు డెబ్బై రెండు. మీ నంబరు? పందొమ్మిది."

టైము చూశాడు. రెండు నంబర్లూ రాశాడు. గోడకున్న కాగితంలో డెబ్బై రెండుని కొట్టేశాడు. అప్పుడు కూర్చున్నాడు.

"అదేంటి?"

"రహస్య నంబర్లు సార్. నా కాగితం నాది, స్టేషన్ మాస్టరు కాగితం ఆయనది. నేను నంబరిస్తేనే ఆయన బండి వదులుతాడు. వాడింది కొట్టెయ్యాలి. మళ్ళీ వాడకూడదు."

"అవతల ఉన్నది స్టేషన్ మాస్టరేనని నీకెలా తెలుసు?"

గేటు మనిషి నవ్వాడు. "ఈ తీగకి అవతల ఆయన తప్ప ఇంకెవరుంటారు సార్? నంబరడిగితే ఇవ్వడమే. ఆలస్యమైతే బండి ఆగిపోతుంది. ముప్ఫై నాలుగేళ్ళు గేటాయన కూడా..."

నవ్వు సగంలో ఆగింది.

"ఒకే నంబరు రెండోసారి వస్తే?"

"రాదు. వచ్చిందంటే అవతలివాడు నోటికొచ్చింది చెబుతున్నట్టే."

"మీ వల్ల తప్పు జరిగితే?"

"ఎవరో పట్టుకునేదాకా ఆగకూడదు సార్. మన చేత్తో మనమే రాయాలి. డ్యూటీలో ఎవరున్నారో కూడా రాయాలి. లేకపోతే పక్కవాడి మెడకి చుట్టుకుంటుంది. అది ఆయన నేర్పిన మాటే."

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ముగ్గురినీ స్టేషన్‌కి పిలిచారు. కూతురు గోడ పక్క. కొడుకు బల్ల ముందు. కోడలు చేతిలో సంచితో గుమ్మం దగ్గర, పిలిస్తే వస్తానన్నట్టు. రైటర్ తన కుర్చీలోనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు తెరిచాడు.

"అందరం ఒక్కటే అడిగాం, మెసేజ్‌లు ఎవరు చెరిపారని. దొంగ తన జాడ చెరిపాడనుకున్నాం. ఆయన చెరిపింది వేరే లెక్కలో. వాడేసిన నంబరు కొట్టెయ్యాలి. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ చేసిన పని అది. చేతికి అలవాటైంది."

చదవడం మొదలుపెట్టాడు.

"12.42. ఫోను వచ్చినది. బ్యాంకు కంట్రోలు అన్నారు. పెన్షను ఆగిపోతుంది, ఒంటిగంట లోపల సరిచేయాలి, ఎవరికీ చెప్పవద్దు అన్నారు. 12.46. నంబరు ఇచ్చాను. వారి నంబరు అడిగాను. 38. మెసేజి కొట్టేశాను. 12.53. రెండో నంబరు ఇచ్చాను. వారి నంబరు 61. కొట్టేశాను. 1.04. మూడో నంబరు ఇచ్చాను. వారి నంబరు 38. కొట్టేశాను."

కొడుకు తలెత్తాడు.

"అవతలివాడికి ఈ ముసలాయన ఎదురు నంబరెందుకడుగుతున్నాడో తెలియదు. అంకెలు కాకిలెక్కగా చెప్పాడు. అక్కడే దొరికిపోయాడు."

మళ్ళీ చదివాడు.

"1.10. 38 రెండోసారి వచ్చినది. ఇది కంట్రోలు కాదు. తిరిగి ఫోను చేశాను. ఎత్తలేదు."

"మన ఫోన్‌కి వచ్చిన నంబరు బ్యాంకువాడు అడగడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తొందరపెట్టేవాడు, ఇంట్లో చెప్పొద్దనేవాడు మోసగాడే. చదువుకున్నవాళ్ళే పడుతున్నారు. ఆయనకైతే ఫోన్‌లో అడిగిన గొంతుని నమ్మడమే ఉద్యోగం. నమ్మకపోతే బండ్లు ఆగిపోయేవి. అయినా ఆరు నిమిషాల్లో పట్టేశాడు."

"వాడు దొరికాడా సార్?" కొడుకు నోరు విప్పడం అదే మొదలు.

"ఇంకా లేదు."

ఇన్‌స్పెక్టర్ పేజీ తిప్పలేదు. ఇంకా కొన్ని వరుసలున్నాయి.

"2.10. పోలీసు స్టేషను. చెప్పబోయాను. కూర్చోమన్నారు. 3.05. పిలవలేదు. 3.30. ఎడమ చెయ్యి లాగుతున్నది."

రైటర్ పెన్ను కింద పెట్టేశాడు.

"బ్యాంకులో కనుక్కున్నాను. డబ్బు ముందు ఒక దొంగ ఖాతాలో పడింది. రెండూ ముప్ఫై ఐదు దాకా అక్కడే ఉంది. అప్పటికి ఆయన వచ్చి ఇరవై ఐదు నిమిషాలు. వెంటనే విని బ్యాంకుకి ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆపగలిగేవాళ్ళేమో. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం."

ఇన్‌స్పెక్టర్ వేలు పేజీ అడుక్కి జరిపాడు.

"ఇంకొక్కటుంది. ఇది ఆఖరిది. 3.50. గేటు తెరిచినది నేనే. కోడలు బట్టలివ్వడానికి వెళ్ళినది. కొడుకు పనిలో ఉన్నాడు. కూతురు ఆఫీసులో ఉన్నది. ఆ సమయమున డ్యూటీలో నేను ఒక్కడినే."

కింద సంతకం. అక్షరాలు కుడివైపుకి జారిపోయాయి.

కూతురు గోడకి జారి కూర్చుంది. కొడుకు లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. భార్య పక్కన నిలబడ్డాడు. ఆమె అతని వైపు తిరగలేదు. రైటర్ని చూస్తోంది.

"మావయ్య మంచినీళ్ళేమైనా అడిగారా అన్నా?"

రైటర్ బయటి బెంచీ వైపు చూశాడు.

"అడగలేదమ్మా. లోపల ఫోన్ మోగినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. ఆగిపోతే మళ్ళీ కూర్చున్నాడు."

వాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోయారు. కూతురు మరదలి సంచి తను పట్టుకోబోయింది. కోడలు ఇవ్వలేదు. మెట్ల దగ్గర కూతురు మళ్ళీ చెయ్యి చాపింది. ఈసారి ఇచ్చింది.

ఇన్‌స్పెక్టర్ స్టేషన్ డైరీ తన ముందుకి లాక్కున్నాడు. రైటర్ లేచాడు. "నేను రాస్తాను సార్."

"కూర్చో. ఇది నా స్టేషన్."

గడియారం చూశాడు. ఐదూ పన్నెండు. పెన్ను మూత తీశాడు.

"మంగళవారం 2.10. ఫిర్యాదుదారు వచ్చినాడు. వినలేదు. ఆ సమయమున ఈ స్టేషను బాధ్యత నాది."

సంతకం పెట్టాడు.

బయట బెంచీ మీద ఎవరో ఆడమనిషి, చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. రైటర్ అప్పటికే గుమ్మం దాటాడు.

"లోపలికి రామ్మా. ఏం జరిగిందో ముందు చెప్పు."