బయానా లేని బేరం

శ్రీపతికి ఇల్లు కావాలి. ఇల్లుంటేనే ఇందుమతి దక్కుతుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏటి సంగతి. ఇందుమతి ప్రొద్దుటూరు ఆడపిల్లల బడిలో టీచరు. ఆమె తండ్రి సూర్యప్రకాశరావు రిటైరైన హెడ్మాస్టరు. ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని పదకొండు బాడుగ ఇళ్ళు మారినవాడు. సొంతిల్లు లేనివాడికి పిల్లనివ్వనని మొహం మీదే చెప్పేశాడు. తాలూకాఫీసు గుమాస్తా శ్రీపతి జీతంలో సగం జమ్మలమడుగులో ఉన్న అమ్మకే వెళ్ళిపోయేది.

వెతగ్గా వెతగ్గా సైదాబీ ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసింది. ఆమె పులివెందులలోని కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది.

"బయానా ఎంత తెచ్చినావప్పా?" అని అడిగింది సైదాబీ.

"బయానా ఇచ్చుకోలేనమ్మా. నెలనెలా ఇరవై అయిదు కడతా."

"బయానా లేకుండా ఇల్లు యాడన్నా ఇస్తారా? సరే, పెండ్లయిందా?"

"ఇల్లు దొరికితే అయితాది."

"పెండ్లిగాని మొగోనికి ఇల్లియ్యను. నెల తిరక్కముందే సత్రం జేస్తావు."

సాయంత్రం ఈ మాట చెబితే ఇందుమతి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

"నాయనేమో ఇల్లు లేందే పెండ్లి లేదంటాడు. ఆయమ్మ పెండ్లి లేందే ఇల్లు లేదంటాంది. ఇద్దరినీ ఒక రూములో పెట్టి గడియేస్తే సరి!"

"నువ్వు నవ్వుతాండావు. శుక్రవారం ఎవరో షావుకారి బయానా ఇస్తాడంట. పడగొట్టి గిడ్డంగి కడతాడంట."

ఇందుమతి నవ్వు ఆపేసింది.

"రేపు నేనొస్తా. మీరు మాత్రం నోరు తెరవగాకండి."

మరునాడు సన్నగా వాన. ఇందుమతి గోడల వైపు చూడనైనా చూడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

"పొయ్యి గాలికి ఎదురుగా ఉంది, పొగంతా కండ్లల్లోకే. మిద్దె ఈ మూల కారతాంది. పైన చౌడు మట్టి వేయించల్ల."

కొనడానికి వచ్చిందో, చెడగొట్టడానికి వచ్చిందో శ్రీపతికి అర్థం కాలేదు.

"మా మనవరాలు సాజిదాకు ఎక్కాలు నేర్పింది నువ్వే గదా టీచరమ్మా? ఈ పిల్లోడు నీకేమైతాడు?" అంది సైదాబీ.

"ఇప్పటికైతే ఏమీ కాడు. మీరు ఇల్లిస్తే ఏమన్నా అయితాడేమో."

శ్రీపతి చెవులు ఎర్రబడ్డాయి. సైదాబీ పకపకా నవ్వింది.

"వచ్చినోళ్ళంతా గోడలు కొలిచి పోయినారు. పొయ్యి చూసింది నువ్వొక్కదానివే బిడ్డా. గిడ్డంగికి ఇచ్చేదానికి నాకూ మనసు రాలేదు. బయానా వద్దు, నెలనెలా పంపు. కాగితం మాత్రం నీ పేరనే. ఆయప్పను నమ్మను."

అప్పటికప్పుడే కాగితం రాసుకున్నారు. తిరిగొచ్చే దారిలో శ్రీపతి దిగాలుగా అడిగాడు. "అయితే నాకు ఇల్లు లేనట్టే గదా?"

"లేనట్టే," అంది ఇందుమతి, గొడుగంతా తనవైపే పట్టుకుని.

సూర్యప్రకాశరావు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"ఇల్లు దొరికిందా అప్పా?"

"లేదు సార్."

"మరేం పని మీద వచ్చినావు?"

ఇందుమతి అగ్రిమెంటు కాగితం తండ్రి చేతిలో పెట్టింది.

"నాయనా, ఇల్లు లేనోనికి పిల్లనియ్యనంటివి. ఇల్లుండే పిల్ల, ఇల్లు లేనోన్ని చేసుకోగూడదని యాడా చెప్పలేదు గదా?"

ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు కానీ మీసాల కింద నవ్వు ఆగలేదు.

"నీకు చదువు చెప్పించింది నేనే, ఎవర్ననేది? లోపలికి రాప్పా శ్రీపతీ."

"వస్తాండా మామా!"

సంతోషంలో చెప్పులతోనే గడప దాటబోయాడు శ్రీపతి. ఇందుమతి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈడ సరే. నా ఇంట్లోకైతే చెప్పులు బయట విప్పి రావల్ల."