బుచ్చన్న పంచర్ కొట్టు మలుపు

గట్టు ఊరి నుంచి గద్వాల పోయే తోవలో, రెండు పత్తి చేన్ల నడుమ ఒక మలుపు ఉంది. పొద్దుగూకాక అటు పోయేవాళ్ళు మాటలు ఆపేస్తారు. బైకు మీద ఫోనులో పాట పెట్టుకుని పోయేవాళ్ళు పాట ఆపేస్తారు. ఒక్క గొర్రెల మందలు మాత్రం మామూలుగానే పోతాయి. వాటికి సంగతి తెలియదు కాబట్టి.

సంగతి ఇదీ. ఆ మలుపులో ఎడమ పక్కన బుచ్చన్న పంచర్ కొట్టు ఉండేది. ఒక రేకుల గది, నీళ్ళ తొట్టి, గాలి మిషను. బుచ్చన్నకు నోరు ఊరుకునేది కాదు. తన మానాన తాను పోయే బండిని కూడా ఆపి, ఇనుప కడ్డీతో టైరు మీద టక్ టక్ మని కొట్టి, "జర ఆగు... ఇది పోయేటట్టుంది" అనేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. టైరులో చెడిన చోటు కనబడితే చుట్టూ సున్నా గీసి, దానికి కింద ఒక తోక పెట్టేవాడు. చూసినందుకు డబ్బులు తీసుకునేవాడు కాదు. ఒక బీడీ అడిగేవాడు.

మూడేళ్ళ కిందట, ఎండాకాలం, ఒక లారీ టైరుకు అలాగే సున్నా చుట్టి, "దీనికి గాలి పట్టొద్దు" అన్నాడు. డ్రైవరు తొందర మీద ఉన్నాడు. మాటా మాటా పెరిగి, చివరికి బుచ్చన్నే విసుగొచ్చి గాలి పట్టాడు. టైరు పేలింది. ఆ చప్పుడు గట్టు దాకా వినిపించిందని గద్వాలలో చెబుతారు. గట్టులో అడిగితే, తమకు వినబడలేదంటారు. బుచ్చన్న మాత్రం మళ్ళీ లేవలేదు.

అప్పటి నుంచి రేకుల గదికి తాళం. అప్పటి నుంచే, ఆ మలుపులో బండ్లు ఎడమకు గుంజుతున్నాయని మాట పుట్టింది. చచ్చినా గిరాకీ మీద ఆశ చావలేదని నవ్వేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు పగటిపూటే నవ్వేవాళ్ళు.

గట్టులో పత్తి రైతు మహిపాల్ ఇవేవీ నమ్మేవాడు కాదు — ఎర్ర కారు కొనేదాకా.

విత్తనాల కోసం వేసిన సీడు పత్తి బాగా పండిన ఏడు, హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చాడు. చిన్న కారే గానీ, తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. అది చాలదన్నట్టు స్ప్రింగులు మార్పించి కారును నేలకు దించాడు. తండ్రి అనంతయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది కూసోనీకా, పండనీకా?" అన్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే కారు అడ్డంగా తిరిగి, ఒక్కో చక్రాన్నీ బాలింతలా మెల్లగా దించుకునేది. వెనక ట్రాక్టర్లు ఆగి హారన్లు కొట్టేవి. మహిపాల్ అది మెచ్చుకోలు అనుకునేవాడు.

దించిన మర్నాడే బీచుపల్లి తీసుకుపోయి ఆంజనేయస్వామి ముందు పూజ చేయించారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఇక కారుకు చేయించవలసిందేమీ లేదని అతని తృప్తి.

నాలుగు నెలలకు మొదలైంది.

ముందు చప్పుడు. కాస్త వేగం అందుకోగానే ముందు చక్రాల కాడ గుర్ర్... గుర్ర్... ఎవరో పళ్ళు బిగబట్టి సణుగుతున్నట్టు. ఆ తర్వాత గుంజుడు. మామూలు తోవలో కొద్ది కొద్దిగా. బుచ్చన్న మలుపుకు వచ్చేసరికి మాత్రం — స్టీరింగు చేతుల్లోంచి జారి ఎడమకు తిరిగేది. నేరుగా రేకుల గది దిక్కు. ఒక్కసారి కాదు. ప్రతిసారీ.

ఈ సంగతి మహిపాల్ ఇంట్లో చెప్పలేదు. అనంతయ్యే చెప్పాడు, ఒకరోజు పక్కన కూర్చుని కళ్ళారా చూసి. ఆయనకున్నది ఒకే కన్ను. రెండోది చిన్నప్పుడే పోయింది. ఉన్న కంటికి ఇప్పుడు పొర కమ్మింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్‌కు మూడు నెలలు తిరిగితే గురువారం పదకొండు గంటలకు రమ్మన్నారు. తండ్రిని రెండున్నర గంటల్లో హైదరాబాద్ చేరుస్తానని మహిపాల్ ఊరంతా చెప్పుకున్నాడు.

"నీ అయ్యను ఆ బండిల ఎక్కనియ్యను" అంది తల్లి యాదమ్మ.

"అమ్మా, అది ఒట్టి రోడ్డు..."

"అయితే పిండి చల్లుదాం. మనిషో, మరొకటో, పిండిల తెలుస్తది."

మనిషి పోయాక పిండి చల్లి, తెల్లారి దాంట్లో ఏ అడుగు పడిందో చూడటం ఆమె ఎరిగిన పద్ధతి. యాదమ్మ దృష్టిలో మనుషులు అబద్ధమాడతారు, పిండి ఆడదు.

బుధవారం రాత్రి తల్లీ కొడుకూ ఇద్దరే పోయారు. గాలి లేదు. చేలల్లో కీచురాళ్ళు కూడా ఎందుకో ఊరుకున్నాయి. మలుపుకు ముందు యాదమ్మ దిగి, కొంగులోని జొన్నపిండిని తారు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు మందంగా పోసింది.

"ఎవలన్న చూస్తే నవ్వుతరు" అన్నాడు మహిపాల్.

"నవ్వేటోళ్ళు ఈ యాళకు ఇటు రారు. నువ్వు నడుపు."

కారు కదిలింది. గుర్ర్... గుర్ర్... ముందు చక్రాలు పిండి మీదికి ఎక్కాయో లేదో — స్టీరింగు గిర్రున ఎడమకు తిరిగింది. లైట్ల వెలుగు రేకుల గది మీద పడింది. తాళం తళుక్కుమంది. మహిపాల్ బ్రేకు తొక్కి, గేరు మార్చి, వచ్చిన దారినే వెనక్కి లాగి ఇంజను ఆపేశాడు. తనకు భయం వేసిందని అప్పుడే ఒప్పుకున్నాడు, మనసులో.

దిగి ఫోను లైటు వేసి చూశారు.

ఆ టైరు వెడల్పు జానెడు. పిండిలో పడ్డ గీత — రెండు వేళ్ళు. ఎడమ పక్క రెండు వేళ్ళు. కుడి పక్కా రెండు వేళ్ళే.

యాదమ్మ రెండు గీతల మీదా వేళ్ళు పెట్టి కొలిచింది. తర్వాత గుసగుసగా అంది: "బండిని లేవట్టింది."

"ఏందమ్మా?"

"రెండు దిక్కులా పట్టి లేవట్టింది. గందుకే బరువు ఆనలే."

ఏదో అనబోయాడు. అప్పుడే వినిపించింది. వెనక... కారు కింద నుంచి...

టక్.

కాసేపు ఆగి — టక్... టక్...

ఇద్దరూ కారెక్కారు. ఇంటిదాకా ఎద్దులబండి వేగంతో వచ్చారు.

తెల్లారగట్ల యాదమ్మ తీర్పు చెప్పింది. ముందు గద్వాల, మెకానిక్ నర్సింహులు షెడ్డు. ఆయన ఏం లేదంటే కారు. ఏమన్నా ఉందంటే బస్సు. అనంతయ్యను మాత్రం కారు ఎక్కనివ్వలేదు. వెనక ఆటోలో తెచ్చింది.

నర్సింహులు అంతా విన్నాడు. నవ్వలేదు. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, కుడి చక్రం కింద చెయ్యి పెట్టి చూశాడు.

"కారు దించినంక చక్రాల అలైన్‌మెంట్ చేపిచ్చినవా?"

"పూజ చేపిచ్చినం" అన్నాడు మహిపాల్.

"మంచిదే. స్వామి కాపాడుతడు గానీ, బోల్టులు బిగియ్యడు గదా."

తర్వాత నిదానంగా చెప్పాడు. కారును దించితే చక్రాలు పైన లోపలికి వాలతాయి. బరువంతా లోపలి అంచు మీద పడుతుంది. పిండిలో రెండు వేళ్ళ గీత అదే. పైగా ముందు చక్రాలు రెండూ, కొట్లాడిన ఆలుమగల లెక్క, ఎడమొహం పెడమొహం పెట్టాయి. నడిచినంత సేపూ రోడ్డుకు రాసుకుంటూ అరిగాయి. చప్పుడు దాన్నుంచి. ఆ మలుపులో వాన నీళ్ళు పోవాలని రోడ్డును ఎడమకు వాల్చారు. గుంజుడు దాన్నుంచి. టక్ టక్ అన్నది, వేడెక్కిన ఇనుము చల్లారుతున్న చప్పుడు.

మహిపాల్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "అంటే ఏం లేనట్టేగా? నేను రోజూ చూస్తనే ఉన్న, టైర్లు కొత్తగనే ఉన్నయి."

"బయట చూసినవు. ఇగో, లోపల చూడు."

వంగి చూశాడు. లోపలి అంచున రబ్బరు లేదు. తీగలు తేలి, తెగి, ముళ్ళలా నిలబడ్డాయి.

"దీంతోని హైవే ఎక్కి నూట ఇరవై కొడితే..." నర్సింహులు ఆటో దిక్కు చూసి గొంతు తగ్గించాడు. "కృష్ణ వంతెన దాకా కూడా పోకపోతుండె."

ఆటోలో అనంతయ్య వెలుతురు పడక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మహిపాల్ పక్కనున్న డబ్బా మీద కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆ కారంటే అసహ్యం వేసింది.

నర్సింహులు ఎడమ చక్రం ఊడదీసి, లోపలి వైపు పైకి తిప్పి నేల మీద పడేశాడు. దగ్గరగా వంగి చూశాడు. తర్వాత అడిగాడు:

"నాకంటె ముందు దీన్ని ఎవలకు చూపిచ్చినవు?"

"ఎవలకు చూపియ్యలే."

"చక్రం ఇప్పినవా?"

"నాకు ఇప్పనీకె రాదు."

టైరు లోపలి వైపు, చక్రం ఊడదీస్తే తప్ప చెయ్యి ఆడని చోట, తీగ తేలిన దానికి సరిగ్గా చుట్టూ తెల్లగా ఒక సున్నా ఉంది. సున్నాకు కింద ఒక తోక.

"పిండి అంటుకుందేమో..." అన్నాడు మహిపాల్.

నర్సింహులు దాన్ని వేలితో రాసి, వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాడు. "పిండి కాదు" అన్నాడు. "సుద్ద."

చేతులు తుడుచుకుని, "హైదరాబాద్ బస్సు ఇంక పావుగంటల ఉన్నది" అన్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. పది రోజులకు కారు కూడా లేచింది. రెండు వేళ్ళు పైకెత్తి, కొత్త టైర్లు వేసి, రెండు పక్కలా దారం కట్టి కొలిచి ముందు చక్రాలను సరిచేశాడు నర్సింహులు. అలైన్‌మెంట్ మిషను మీద ఇంకోసారి చూపించి గానీ ఇవ్వలేదు. ఆ సాయంత్రం మహిపాల్ ఒక్కడే దాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నాడు. సణుగుడు లేదు. బుచ్చన్న మలుపు వచ్చింది. స్టీరింగు మీద చేతులు వదులు చేసి చూశాడు. కారు ఎటూ గుంజలేదు, గీత గీసినట్టు తన తోవన పోయింది.

ఎందుకో మహిపాల్‌కు బాధ వేసింది.

కొంచెం ముందుకు పోయి ఆపాడు. బండి మళ్ళించుకుని వెనక్కి వచ్చి, తానే ఎడమకు తిప్పి, రేకుల గది ముందు నిలబెట్టాడు. జేబులోంచి బీడీ కట్ట తీసి తాళం కింద గడప మీద పెట్టాడు. తర్వాత కారెక్కి, టైరు లోపలి అంచు బయటికి కనబడేలా స్టీరింగు పూర్తిగా తిప్పి, ఇంజను ఆపి, చూసుకోనీ అని కాసేపు అలాగే కూర్చున్నాడు.