రేడియోకి వేరే తీగ

మెహదియా రేవులో పడవలకు రేడియోలు బిగించే మెహ్రెజ్ పనికి మంచి పేరే ఉంది. పేరుండి ఏం లాభం? ఆ ఉదయం, రేవంతా రయీస్ అని పిలిచే సరంగు అమ్మార్ పడవను ఇంకో పడవ తాడుకట్టి లాక్కొస్తుంటే, అతను గట్టుమీదికి పరుగెత్తాడు.

ఆ పడవలో బ్యాటరీ పెట్టె అతను ప్రాణం పెట్టి చేసింది మరి. ఉప్పునీరు చొరబడదు, ప్రతి తీగకీ ఫ్యూజు ఉంది, కరెంటు పొదుపుగా వాడుకుంటుంది. ఛార్జి తగ్గితే బ్యాటరీ పాడవకుండా తనంతట తానే ఆగిపోతుంది. అంత శ్రద్ధ ఎందుకంటే, రయీస్ కూతురు దొర్సాఫ్ అతని దుకాణం ఎదుటే కూర్చుని వలలు అల్లుతుంది.

జరిగిందేమంటే, సముద్రం మధ్యలో ఇంజను మొరాయిస్తే రయీస్ రేడియో అందుకున్నాడు. అప్పటికే పెట్టె ఆగిపోయింది. పిలిచే దారిలేక పడవ ఎటో కొట్టుకుపోయింది.

గట్టుమీద జనం ఊరుకుంటారా!

"రయీస్, నీ కబుర్లకి బ్యాటరీ కూడా పారిపోయిందా?"

"పొద్దస్తమానం రేడియోలో కూరల గొడవేనాయె!"

"నిజమేరా, నా నోరే," అన్నాడు రయీస్ తలవంచుకుని.

వలేసి కూర్చున్నవాళ్ళు రేడియోలో కబుర్లాడకుండా ఉండరని ఆ రేవులో పుట్టిన మెహ్రెజ్‌కి తెలియదా? అవసరానికే మాట్లాడతారన్నట్టు లెక్కేశాడు. పైగా రేడియోనీ, చేపల్ని చూపే తెరనీ ఒకే స్విచ్చికి కట్టాడు. అయినా నోరు విప్పలేదు.

"ఒక్క మాటైనా అనవేం?" అంది దొర్సాఫ్.

"ఛార్జి తగ్గితే ఆగిపోవాలి. అలాగే చేశా."

"అంటే బ్యాటరీ బాగుండాలి. మా బాబా ఏమైపోయినా ఫర్వాలేదు!"

చేతిలో వల అక్కడే పడేసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మెహ్రెజ్ దుకాణం దాటలేదు. వీధిలోకి వెళ్ళాలంటే సిగ్గు.

వాన మొదలైంది. కాఫీకొట్టు చూరుకింద ఇంకా అవే నవ్వులు. రయీస్ టీ గ్లాసు వెనక ముఖం దాచుకున్నాడు. మెహ్రెజ్ తడిసిముద్దై లోపలికి వచ్చాడు.

"నవ్వాల్సింది నన్ను చూసి. తప్పు పెట్టెది. పెట్టె నాది. పొద్దున నింద ఆయన మీద పడనిచ్చి నిలబడ్డా."

రయీస్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"సర్లే, ఇప్పుడేం చేస్తావో చెప్పు," అన్నాడు రయీస్.

"రేడియోకి వేరే తీగ. ఛార్జి తగ్గితే ముందు బజర్ మోగుతుంది, తెర ఆగుతుంది. రేడియో మాత్రం ఆఖరుదాకా పనిచేస్తుంది. బ్యాటరీ పాడైతే పాడవనీ."

"మరి కూరల గొడవ?"

"కానివ్వండి రయీస్!"

వానలోనే పడవెక్కి పెట్టె విప్పాడు. దొర్సాఫ్ గొడుగు తెచ్చింది. పట్టింది పెట్టెకి, అతనికి కాదు.

"గట్టుమీద ఎందుకు నోరు మెదపలేదు?"

"ఒప్పుకుంటే నీ దగ్గర చిన్నబోతానని."

"ఒప్పుకోలేదుగా. ఏమైంది?"

"ఇంకా చిన్నబోయా."

గొడుగు మెల్లగా అతని వైపు జరిగింది. చినుకులు ఆమె భుజమ్మీద పడుతున్నాయి.

"మా అమ్మకి కోపం తగ్గలేదు. శుక్రవారం మీ అమ్మని తీసుకుని మా ఇంటికి రా."

"ఇద్దరం తిట్లు తినాలా?"

"తిట్లు నీకు," అంది దొర్సాఫ్, చూపు సముద్రం మీదికి తిప్పేసుకుని. "ఆ తర్వాత సంబంధం మాటలు మీ అమ్మకి."