పొయ్యి గోలి, దీపం గోలి

“నానమ్మా, ఇంక జాగ లేదు! కాళ్లతోని తొక్కాల్నా ఏంది?”

సుమన సంచి మూతిని రెండు చేతులతో లాగింది. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల నాలుగు చీరలు, మురుకుల డబ్బా, చిన్న పాపకు పట్టు లంగా, దీపానికి చేసిన వత్తుల కట్ట ఉన్నాయి.

“తొక్కకు తల్లీ, మురుకులు పిండి అయితయ్!” అంటూ సౌభాగ్యమ్మ నానమ్మ పరుగున వచ్చింది.

నానమ్మ సిద్దిపేటకు వెళ్తోంది. అక్కడ ఆమె చెల్లెలు నర్సమ్మ ఉంటుంది. నర్సమ్మ మునిమనుమరాలికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. పది రోజుల ప్రయాణం. మెదక్‌లోని ఆ ఇల్లు వదిలి నానమ్మ ఒక్క రాత్రయినా బయట పడుకుని ఆరేళ్లయింది. తెల్లవారుజాము నుంచి ఆమె కాలు ఒక చోట నిలవలేదు.

సుమన నాన్న రత్నాకర్ గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

“అమ్మా, ఇయ్యాల రామాయంపేటల వంటావార్పు ఉన్నదంట. తెలంగాణ కోసం రోడ్డు మీదనే వండుకొని తింటరంట. బస్సులు ఆగుతయేమో. రేపు పోరాదు?”

“ఆగితే ఆగనీ తియ్. వాళ్లు వండేదాంక కూసుంట. ఆరేండ్లకు కదిలిన కొడుకా, నన్ను ఆపకు.”

వంటింట్లోంచి అమ్మ రజని కేక వేసింది. “సుమనా! నానమ్మ గోలీలు పెట్టినవా?”

మరిచేపోయింది! సుమన గబగబా వెళ్లి వెతికింది. ఒక మందు పట్టీ పొయ్యి పక్క గూట్లో దొరికింది. ఇంకోటి దీపం గూట్లో ఉంది. మూడోది మంచం కింద, రేకు డబ్బాలో.

సుమన ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. మూడు పట్టీల మీది పేర్లనూ టీవీలో వార్తలు చదివినట్టు గట్టిగా చదివింది. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, తన పాత జామెట్రీ బాక్సులో సర్దింది.

“చూడు నానమ్మా. నువ్వేమో మూడు దిక్కులల్ల పడేస్తవు. ఇప్పుడన్నీ ఒక్క దిక్కున్నయి. షుగర్‌ది తినే ముందు, బీపీది పొద్దుగూకినంక, మోకాళ్లది నొస్తేనే. అర్థమయిందా?”

“అయింది బిడ్డా, అయింది. నడువు, బస్సు పోతది!”

పదకొండు గంటల బస్సు కదిలింది. నానమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. బస్సు మలుపు తిరిగాక కూడా ఆ చెయ్యి కొంచెం సేపు కనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. “అగ్గిపెట్టె ఇయ్యి” అంది.

సుమన పొయ్యి గూట్లో చెయ్యి పెట్టింది. అగ్గిపెట్టెతో పాటు ఖాళీ అయిన పాత మందు పట్టీ ఒకటి చేతికి వచ్చింది.

అమ్మ నవ్వింది. “అన్నం ఉడికే వాసన రాంగనే అత్తమ్మ చెయ్యి ఆ గూట్లకు పోతది. నేను యాది చేసే పనే లేదు. దీపం ముట్టియ్యంగనే ఆ గూట్ల గోలి. మోకాళ్లు నొస్తే మంచం కింద డబ్బా. ఏనాడన్న తప్పిందా?”

సుమన అగ్గిపెట్టె ఇవ్వలేదు. ఆ పట్టీని తిప్పి చూసింది. తర్వాత దీపం గూటి దగ్గరికి పరుగెత్తింది. అక్కడా ఒక ఖాళీ పట్టీ ఉంది. మంచం కింద డబ్బాలోనూ ఒకటి. మూడూ ఒకటే వెండి రంగు. మూడింట్లోనూ చిన్న తెల్ల గోలీలే ఉండేవి. తేడా అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది. నానమ్మకు తెలుగు అక్షరాలే రావు.

“అమ్మా! నానమ్మకు గోలీలు తెల్వయి. గూళ్లే తెలుసు!”

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “అయ్యో! షుగర్ గోలి రెండుసార్లు పడితే కండ్లు తిరిగి పడిపోతదని డాక్టర్ సాబ్ ఎంత జెప్పిండు! ఆమె దగ్గర ఫోన్ గూడ లేదాయె.”

నాన్న అప్పటికే మోపెడ్ బయటికి తీశాడు. “ఎక్కు! రామాయంపేటల బస్సు ఆగితే మన అదృష్టం.”

సుమన మూడు ఖాళీ పట్టీలనూ పిడికిట్లో బిగించి వెనక ఎక్కింది. మోపెడ్ పటపటమంటూ దూసుకుపోయింది. రోడ్డుకు రెండు పక్కలా పొలాలు వెనక్కి పరుగెత్తాయి.

“బాపూ, ఇంకా జల్ది!”

“ఇది విమానం గాదు బిడ్డా, మోపెడ్!”

“ఆ లారీని దాటు!”

“దాటుతున్న! నువ్వు నా చొక్కా చింపకు!”

రామాయంపేట ఇంకా రాకముందే డప్పుల మోత వినబడింది. లారీలు, కార్లు, బస్సులు వరుసగా ఆగి ఉన్నాయి. “జై తెలంగాణ!” అని ఒక్కసారి వందల గొంతులు లేచాయి. సుమన ఒళ్లు జల్లుమంది. మోపెడ్ ఇక ముందుకు వెళ్లదు. ఇద్దరూ దిగి పరుగు లంకించుకున్నారు.

“అదే! అదే మన బస్సు!”

సుమన ఎగిరి బస్సెక్కింది. నానమ్మ సీట్లో సంచి ఒక్కటే ఉంది. నానమ్మ లేదు.

“కండక్టర్ అంకుల్! ఈడ ఒక నానమ్మ కూసున్నది కదా?”

“గా అవ్వనా? వంట కాడ ఉన్నది. పప్పుల ఉప్పు తక్కువైందని అందరితోని పంచాయితి పెట్టుకున్నది!”

నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద పెద్ద గంజు. చుట్టూ ఆడవాళ్లు. వాళ్ల మధ్య నానమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో జామెట్రీ బాక్సు తెరిచి ఉంది. ఒక చేతిలో నీళ్ల చెంబు. ఇంకో చేతిలో గోలి. ఆ చెయ్యి నోటి దగ్గరికి లేస్తోంది.

“నానమ్మా! ఆగు!”

నానమ్మ ఉలిక్కిపడింది. చెంబులో నీళ్లు సగం చీర మీద పడ్డాయి.

“ఓ పొల్లా! నువ్వెట్ల వచ్చినవే? ఇంట్ల అందరు మంచిగున్నరా?”

సుమన రొప్పుతూనే బాక్సులో పైనున్న పట్టీని తన పిడికిట్లోని ఖాళీ పట్టీలతో పోల్చి చూసింది. “ఇది దీపం గూట్లది నానమ్మా! బీపీది! ఇప్పుడేసుకునేది కాదు!”

“అవునా?” నానమ్మ అరచేతిలోకి చూసుకుంది. “పొయ్యి కనవడ్డది. అన్నం వాసన వచ్చింది. చెయ్యి దానంతట అదే పోయింది బిడ్డా. మీద ఉన్నది తీసిన.”

సుమన ఆమె పక్కనే కూలబడి గడగడా చెప్పేసింది. “ఇది షుగర్‌ది, తినే ముందు. ఇది బీపీది, పొద్దుగూకినంక. ఇది మోకాళ్లది. అర్థమయిందా?”

“అయింది బిడ్డా, అయింది.”

నాన్న హమ్మయ్య అని లేచాడు. సుమన మాత్రం లేవలేదు. పొద్దున కూడా నానమ్మ సరిగ్గా ఇదే మాట అంది.

సుమన మూడు పట్టీలనూ నానమ్మ ఒళ్లో పెట్టింది. “ఈసారి నువ్వు చెప్పు నానమ్మా. నేను వింట.”

నానమ్మ ఒకటి తీసింది. తిప్పి చూసింది. ఇంకోటి తీసింది. చుట్టూ ఉన్నవాళ్లను చూసి సిగ్గుగా నవ్వింది.

“తెల్వదు బిడ్డా. డాక్టర్ సాబ్ ముందట గూడ అయిందనే అన్న. మల్ల అడిగితే గుస్స అయితడేమోనని.”

“నేను గుస్స కాను. పదిసార్లు అడుగు.”

నానమ్మ పట్టీలను సుమన ముందుకు జరిపింది. “పొయ్యి గూట్లది ఏది? జర చూపియ్యి.”

సుమన చూపించింది. నానమ్మ పొయ్యి పక్కన పడి ఉన్న కాలిన అగ్గిపుల్లను తీసి ఆ పట్టీ మీద పెట్టింది. “దీన్ని కట్టు. పుల్ల ఉంటే పొయ్యి గోలి.”

సుమన కళ్లు మెరిశాయి. రబ్బరు బ్యాండుతో పుల్లను కట్టేసింది. నాన్న బస్సులోని సంచిలోంచి ఒక వత్తి పట్టుకొచ్చాడు. వత్తి ఉంటే దీపం గోలి. మూడోదానికి నానమ్మ మోకాలికి కట్టుకున్న గుడ్డ నుంచి చిన్న పీలిక చింపింది. బ్యాండ్లు చాలక సుమన తన రెండు జడలూ విప్పేసింది.

“ఇప్పుడు కండ్లు మూసుకో!” సుమన పేకముక్కల్లా పట్టీలను కలిపింది. “తెరువు! ఇదేంది?”

“దీపం గోలి!”

“ఇది?”

“మోకాళ్లది. నొస్తేనే!”

“అన్నం ముందు ఏది?”

నానమ్మ అగ్గిపుల్ల ఉన్న పట్టీని జెండాలా పైకెత్తింది. “గిది!”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకామె, “పిల్లా, రేపు మా అత్తకు గూడ గిట్లనే పరీక్ష పెట్టాలె” అంది. డప్పు కొడుతున్నాయన సంగతి తెలియకపోయినా ఉత్సాహంగా నాలుగు దెబ్బలు వేశాడు.

నానమ్మ పొయ్యి గోలి మింగింది. ముగ్గురూ రోడ్డు మీదే విస్తళ్లలో పప్పన్నం తిన్నారు. మూడు గంటలకు బస్సు కదిలింది. సుమన విరబోసుకున్న జుట్టుతో మోపెడ్ ఎక్కి, దారంతా కేకలు వేస్తూ పాడింది.

అది 2011. పదకొండో రోజున నానమ్మ నవ్వుతూ ఇల్లు చేరింది.

ఆ తర్వాత దవాఖానకు ఎప్పుడు వెళ్లినా సుమన కూడా వెళ్లింది. డాక్టర్ చెప్పడం అయిపోయాక తను ఏమీ చెప్పేది కాదు. “ఇప్పుడు నువ్వు చెప్పు నానమ్మా” అని, నోరు మూసుకుని వినేది. నానమ్మ తప్పు చెబితే ఇద్దరూ కలిసి మళ్లీ డాక్టర్‌ను అడిగేవాళ్లు.

నానమ్మ ఇంకో మూడుసార్లు సిద్దిపేట వెళ్లింది. రెండుసార్లు తిరిగి వచ్చింది. చివరిసారి 2014 ఫిబ్రవరిలో వెళ్లింది. అప్పుడు ఆమెకు ఎనభై రెండేళ్లు. వెళ్లిన ఆరో రాత్రి చెల్లెలి పక్కన పడుకుని నిద్రలోనే కన్నుమూసింది. ఆ సాయంత్రం కూడా గోలి తప్పలేదని నర్సమ్మ ఫోన్లో చెప్పింది.

ఆ రోజు ఫిబ్రవరి పదహారు, ఆదివారం. సౌభాగ్యమ్మ నానమ్మ మెదక్‌కు తిరిగి రాలేదు.