తెరవని ట్రే

డిస్క్ మాయమైంది.

గోడౌన్ కెమెరాలో పడిన దృశ్యాలకి మిగిలిన ఒకే ఒక కాపీ అది. క్రేన్ రోప్ తెగి ఒక కూలీ చనిపోయాడు. తప్పు ఆపరేటర్‌దేనని కంపెనీ కేసు పెట్టింది. డిస్క్ దొరక్కపోతే, స్టేషన్‌లో ఉన్న అతను రేపు జైలుకి.

కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ ఇంట్లో ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. టీ మీద టీ తాగి నోరు చేదెక్కింది.

“చివరిసారి ఎక్కడ చూశారమ్మా?”

“నా లాప్‌టాప్‌లోనే సార్,” అంది సేఫ్టీ ఆఫీసర్. “డీవీడీ డ్రైవ్‌లోంచి తీయడం మర్చిపోయాను. నిన్న మా మరిది ఆ డ్రైవ్ పీకేసి, అక్కడ ఎస్సెస్‌డీ అని కొత్త మెమరీ బిగించాడు. స్పీడవుతుందని.”

పక్కనున్న కంపెనీ మేనేజర్ నవ్వాడు. “కళ్లజోడు నెత్తినే పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషండీ ఈవిడ.”

“నిన్న మీరూ ఇక్కడికొచ్చారట. ఎందుకు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ అతనితో.

“పరామర్శకి.”

“ఈ ఇంట్లో ఎవరు పోయారని?”

మేనేజర్ నవ్వు ఆగిపోయింది.

మరిది పాత డ్రైవ్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ దాని సన్నటి రంధ్రంలో పిన్ను గుచ్చాడు. ట్రే బయటికొచ్చింది. ఖాళీ.

“నువ్వు తీసినప్పుడు లోపల డిస్క్ ఉందా?”

“ఏమో సార్. నేను ట్రే తెరవనే లేదు. లాప్‌టాప్ ఆపేసి, స్క్రూ తీసి, డ్రైవ్ మొత్తం లాగేశా. వదినే ముందు తీసుంటుంది.”

“నేను తీయలేదురా!”

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ పక్కకి తిప్పాడు. కొత్తది బిగించిన చోట, అంచు మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క.

“ఇదేంటి?”

“మా పాప పెట్టింది సార్. పాత డ్రైవ్ మీద.”

“అంటే పాతదాని ముందు పట్టీ ఊడదీసి దీనికి తగిలించావు.”

“అవును సార్. లేకపోతే సందు కనిపిస్తుంది,” అన్నాడు మరిది, కాస్త గర్వంగా.

“దాన్ని మళ్లీ పాతదానికి పెట్టు. ట్రే మూసెయ్. ఇప్పుడు తెరవకుండా ఊడదియ్.”

పట్టీ కొక్కేలు రెండు ఊడి వచ్చాయి. మూడోది రాలేదు. మరిది మళ్లీ లాగి చూశాడు.

“రాదు. అది ట్రే వెనకుంటుంది. తెరిస్తేనే అందుతుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ నీరసంగా. “పోయిన నెల మా ఇంట్లో ఇదే పనికి కూర్చుని పట్టీ విరగ్గొట్టాను. ఆ తిట్లు ఇంకా అయిపోలేదు. నువ్వు తెరిచావు. చూశావు. డిస్క్ ఎవరికిచ్చావు?”

మరిది మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ కిటికీ వైపు చూశాడు.

“ఇంకా ఇవ్వలేదు సార్. ఇస్తే గోడౌన్‌లో నా ఉద్యోగం పర్మినెంట్ చేస్తానన్నారు... వదినా...”

ఆమె తిట్టలేదు. “రేపు ఆ రోప్ కింద నిన్నే నిలబెడతార్రా, పిచ్చోడా,” అంది.

చొక్కా లోపలి నుంచి డిస్క్ బయటికొచ్చింది.

“చూద్దాం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఇందులో ఆడదు సార్. డ్రైవ్ లేదుగా.”

“పీకినవాడివి నువ్వేగా. బిగించు.”

మరిది బిగించాడు. డిస్క్ గిర్రున తిరిగింది.

తెర మీద క్రేన్. పురి విడిపోయిన రోప్. వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతున్న ఆపరేటర్. అతని ముందు మేనేజర్. వేలితో పైకి చూపిస్తున్నాడు. ఎత్తమని.



ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

“ఆపరేటర్‌ని వదిలేయండి. వాళ్లావిడ పొద్దుటి నుంచీ గేటు దగ్గరే కూర్చునుంది. ముందు ఆవిడకి చెప్పండి.”