తుంగపొదల్లో మూడు పీపాలు

మౌన్ విమానాశ్రయం ఎదుటి కాఫీ కొట్లో ఏజెంట్ లెరుమో బల్ల మీద తల వాల్చేశాడు. కునుకు తీస్తున్నాడనుకుంది వడ్డించే పిల్ల. మెడలో విషపు సూది దిగి ఉంది.

ఆ సాయంత్రమే ఏజెంట్ ఒనలెన్నాకు పిలుపొచ్చింది.

“ఫెర్డినాండ్ క్రాల్. లెరుమోని చంపించింది వీడే,” ఫొటో ముందుకు తోసింది చీఫ్ మ్మా డిత్లోపో. “పక్షుల ఫొటోగ్రాఫర్‌నని చెప్పుకుంటాడు. ఒకవాంగో నది పాయలో విషం కలపబోతున్నాడు. జంతువులు చస్తాయి, ఊళ్లు ఖాళీ అవుతాయి, వాడి ముఠాకి తవ్వకాలకు నేల దొరుకుతుంది. విషం పీపాలెక్కడ దాచాడో తెలీదు. వెంట వెళ్లాల్సిందే.”

“లోపల మనవాళ్లున్నారా?”

“వాడి పక్కనుండే అందగత్తె బెయాటా. ‘వరద ఆలస్యమైంది’ అంటుంది. ‘వచ్చేస్తుంది’ అను. కానీ నమ్మకు.”

మర్నాడు వెలిసిన తలగుడ్డ చుట్టుకుని, పడవ నడిపే మనిషి వేషంలో ఒనలెన్నా దోనె వెనక గెడ పట్టుకుని నిలబడింది. ముందు బెయాటా, మధ్యలో క్రాల్. వాడి ఒంటి మీద ఇస్త్రీ మడత నలగని సఫారీ దుస్తులు.

“అదిగో రాబందు!” అన్నాడు క్రాల్.

అది చేపల గద్ద. లెరుమోలాంటి వాడు ఇలాంటి దద్దమ్మ చేతిలోనా పోయింది! ఒనలెన్నా గెడను కసిగా నీళ్లలోకి దింపింది.

“ఇక్కడి జనానికి ఇంత నీరెందుకు? దండగ,” అన్నాడు వాడు.

బెయాటా వెనక్కి తిరిగి నవ్వింది. “ఈసారి వరద ఆలస్యమైంది కదూ?”

“వచ్చేస్తుందమ్మా.”

మరుక్షణం బెయాటా చేతిలో పిస్తోలు. “ఫెర్డినాండ్, ఇది గూఢచారి.”

“ఈ తలగుడ్డదా?” క్రాల్ పకపకా నవ్వాడు. తుంగపొదల మధ్య కట్టేసిన రేకు పడవలో మూడు నీలం పీపాలు కనిపిస్తున్నాయి. వాడు కెమెరా ఎత్తాడు. పీపాలు పేల్చే రిమోట్ అదే. పచ్చదీపం వెలిగింది. “చూస్తూ చావు.”

ఒనలెన్నా ఒంటి బరువంతా ఒక పక్కకు వేసింది. గురి తప్పి పిస్తోలు పేలింది. దోనె బోల్తా పడింది.

ఛాతీలోతు నీళ్లలో క్రాల్ లేచి నిలబడ్డాడు. కెమెరా తల పైన, వేలు మీట మీద. వేలు కదిలేలోగా ఒనలెన్నా గెడ వాడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు. కెమెరా బురదలోకి దిగిపోయింది.

కలువ తీగ కాలికి తగిలేసరికి “మొసలి! మొసలి!” అని కేకలు పెట్టాడు ముఠా నాయకుడు.

“నీ కంపుకి మొసలి కూడా రాదు. కదలకు,” అంది ఒనలెన్నా.

పిస్తోలు పోగొట్టుకున్న బెయాటా తుంగ పట్టుకుని వేలాడుతోంది. “అక్కా, నేను మీ మనిషినే! వాడు అనుమానించకూడదని అలా నటించాను!”

గస్తీ పడవలో వచ్చినవాళ్లు ఇద్దరికీ బేడీలు వేశారు. రేడియోలో చీఫ్ గొంతు పలికింది: “ఇంతకీ ఆవిడ ఎవరి పక్షమట?”

“ఒడ్డు ఎటుంటే అటేనటమ్మా,” అంది ఒనలెన్నా, బురద నీళ్లు కక్కుతున్న చెప్పు విదిలిస్తూ.