కూజా మొక్కను చంపిందెవరు?

పూలకుండీని రెండు చేతులా పొదివిపట్టుకుని వీరభద్రరావు డిటెక్టివ్ ఉదయశ్రీ ఆఫీసులోకి అడుగుపెట్టాడు. దీవినగరం నడిబొడ్డున రాఫెల్స్ ప్లేస్‌లోని ఆ ఇరుకు గదికి భర్తల మీద అనుమానంతో వచ్చే భార్యలే ఎక్కువ. మొక్కను వెంటబెట్టుకొచ్చిన మనిషిని చూడటం అసిస్టెంట్ తిరుమలేష్‌కి ఇదే మొదలు.

"దీన్నెవరో చంపేస్తున్నారమ్మా," అన్నాడు పెద్దాయన.

అది కూజా మొక్క. ఆకుల చివర చిన్న చిన్న కూజాలు వేలాడుతుంటాయి. వాటిలో పడే పురుగులే దానికి తిండి. ఎర్రచారల ఈ రకం దీవి మొత్తానికీ ఒక్క గుట్ట మీదే మిగిలింది. ఫ్లాట్ల కోసం ఆ గుట్టనీ చదును చేసేశారు. సైన్స్ పార్క్‌లో వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసి రిటైరైన వీరభద్రరావు అనుమతి తీసుకుని, ఆఖరి మొక్కను సెంగ్‌కాంగ్‌లోని తన ఫ్లాట్‌కి తెచ్చుకున్నాడు. కొమ్మ పచ్చగా ఉంటే దాన్నుంచి కొత్త మొక్కలు పెంచుతామని పాత ల్యాబువాళ్లు మాటిచ్చారు. ఆ కొమ్మ ఇప్పుడు అడుగు నుంచి గోధుమరంగుకి తిరుగుతోంది.

"ఎవరి మీదైనా అనుమానమా అంకుల్?" అడిగింది ఉదయశ్రీ.

"ఎదురింటి మాలిని దోమలొస్తున్నాయని గొడవపడింది. మొక్కలమ్మే రవీంద్రన్ దీన్ని అడిగితే ఇవ్వనన్నాను. మొహం మాడ్చుకుని పోయాడు."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ సెంగ్‌కాంగ్ వెళ్లారు. కారిడార్‌లో కరివేపాకు, మనీప్లాంట్ నవనవలాడుతున్నాయి. పక్కనే మూతలేని బకెట్ ఉంది.

"అవి వాననీళ్లమ్మా. కూజా మొక్కకి పంపునీళ్లు పడవు. మిగతావాటికి పంపునీళ్లే పోస్తాను."

ఉదయశ్రీ బకెట్‌లోకి తొంగిచూసింది. నీళ్లు తేటగా ఉన్నాయి, నలక కూడా లేదు. టార్చి వేసి కూజాల్లోకి చూసింది. సన్నటి దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. కుండీ అంచున పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. తిరుమలేష్‌కి గుండె ఆగినంత పనైంది. ఆవిడ మాత్రం చేతులు దులుపుకుని ఎదురింటి తలుపు తట్టింది.

"స్ప్రే కొట్టాను, కాదనను. మా గుమ్మం దగ్గర మట్టుకే. అంకుల్ మొక్క జోలికి పోలేదు," అంది మాలిని.

ఫోన్‌లో రవీంద్రన్ విసుక్కున్నాడు. "చచ్చిన మొక్క నాకెందుకు మేడమ్? బతికుంటేనే కదా నాకు బేరం!"

వీరభద్రరావు భార్య లలితకుమారి కాఫీ తెచ్చింది. "మా మనవరాలు అనన్య డెంగీతో ఐసీయూలో పడ్డప్పట్నుంచీ ఎక్కడన్నా నీళ్లు నిలవుంటే నాకు వణుకేనమ్మా," అంది. ఉదయశ్రీ కాఫీ తాగకుండానే లేచింది. కొమ్మలోంచి ఓ ముక్క కోసి ల్యాబుకి పంపించింది.

ఆదివారం అందరూ వీరభద్రరావు ఇంట్లో కూర్చున్నారు.

"ల్యాబువాళ్లు పొద్దున ఫోన్ చేశారు," అంది ఉదయశ్రీ. "కొమ్మలో ప్రాణం లేదట. క్షమించండి అంకుల్."

పెద్దాయన తల వంచుకున్నాడు.

"స్ప్రే పడుంటే కూజాల్లో దోమపిల్లలు చచ్చేవి. అవి నిక్షేపంలా ఉన్నాయి. కాబట్టి మాలినిగారు కాదు. రవీంద్రన్‌గారికి బతికున్న మొక్కే కావాలి. మరి, మూత లేకుండా రోజుల తరబడి నిలవున్న బకెట్‌లో ఒక్క పురుగూ లేదేం? కుండీ అంచున ఉన్నది ఉప్పు. ఆ ఉప్పు బకెట్‌లోంచే వచ్చింది. ఆ నీళ్లు తాగింది కూజా మొక్క ఒక్కటే. పోసింది అంకులే."

"నేనా!" అన్నాడు వీరభద్రరావు. "వాడిపోతోందని రోజూ ఇంకో చెంబు ఎక్కువ పోశానే..."

లలితకుమారి చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టింది. "ఉప్పేసింది నేనండీ. మా అమ్మ పూలచెంబులో గుప్పెడు కల్లుప్పు వేసేది, దోమలు చేరవని."

"నాతో ఒక్క మాట అనకూడదూ?"

"మీరన్నారా? ఆ నీళ్లు దానికోసమేనని లోకమంతటికీ చెప్పుకున్నారు. నాతో చెప్పారా ఎప్పుడైనా?"

కేసు తేలినప్పుడల్లా మేడమ్ తెలివికి మురిసిపోయే తిరుమలేష్‌కి ఆ రోజు ఏడుపొచ్చింది. ఆ రవీంద్రనే దొంగై ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు.

లలితకుమారి కారిడార్‌లోకి వెళ్లి కుండీ ముందు కూలబడింది. భర్త వెనకే వచ్చాడు.

"ఇవి దోమలేగా?" అంది కూజాలోకి చూస్తూ.

"డెంగీ తెచ్చేవి కావు. ఈ కూజాల్లో తప్ప ఎక్కడా బతకలేవు."

"మరి ఈ కూజాలు ఎండిపోతే?"

ఆయన ఎండిన కొమ్మను వేలితో నిమిరాడు. ఆవిడ లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. కూజా మూతి దాకా వంచి ఆగిపోయింది.

"పంపునీళ్లు పోయొచ్చాండీ?"

"పొయ్యి లలితా," అన్నాడు వీరభద్రరావు. "ఇంక దానికి ఏ నీళ్లైనా ఒకటే."